తూర్పు వరసలు

నలభై రోజుల దోస తీగలు ప్లాస్టిక్ షెడ్డు కప్పు దాకా పాకాయి. ఆకులు కళకళలాడుతున్నాయి. కోడలికి ఆకుల మీద నమ్మకం లేదు. పోయిన పంటా ఇలాగే మురిపించి, కాయ పట్టే వేళకి తలలు వాల్చేసింది. పీకి చూస్తే వేళ్లనిండా అల్లంకొమ్ముల్లా బుడిపెలు. కంటికి కనబడని నులిపురుగులు వేళ్లలో దూరి చేసిన పని.

"ఇంకొక్క పంట" అని మామగారిని బతిమాలి ఒప్పించుకుంది. ల్యాబు నుంచి ఆ పురుగుల్ని అణిచే బ్యాక్టీరియా పొడి తెచ్చి, డ్రమ్ములో కలిపి, ప్రతి మొక్క మొదట్లో పోసింది. ఇవాళ వేరు పీకి చూడాలి. బుడిపెలుంటే షెడ్డు చిన్నమామగారి కోళ్లకి పోతుంది. ఆయన అప్పుడే షెడ్డు వాకిట్లో నిలబడి స్తంభాలు లెక్కపెడుతున్నాడు.

"అవెక్కడికీ పోవులే చిన్నమామయ్యా," అంది కోడలు.

"కోళ్లకి గాలాడాలి కదమ్మా, చూసుకుంటున్నా."

అత్తగారు పక్కన చేరింది. "మందు పోసిన రోజు నువ్వు అన్నానికెళ్లావు చూడు, అప్పుడు డ్రమ్ము బ్లీచింగుతో కడిగాను. ఎంత పాచో! నీకు కడగడం చేతకాదు."

కోడలు చప్పున ఆమె వైపు తిరిగింది. "పడమర వరసలకి పోశాకా?"

"ఆఁ. తూర్పు వాటికి కలిపేముందు."

"మళ్లీ మంచినీళ్లతో కడిగారా?"

"మళ్లీ కడిగేస్తే బ్లీచింగెందుకు? పాచి పట్టకుండా అడుగున కాస్త బ్లీచింగు నీళ్లు ఉంచాను కూడా."

"ప్రాణమున్న పొడి అత్తయ్యా అది. బ్లీచింగులో బతకదు," అని గొణిగింది కోడలు. తూర్పు వరసలకి తను పోసింది ఉత్త నీళ్లే.

మామగారు లోపలికొచ్చి, నేరుగా తూర్పుకే నడిచాడు. ఇప్పుడు చెబితే ముందే సాకు వెతుక్కుందంటారు. తర్వాత చెబితే అత్తగారి మీదికి నెట్టిందంటారు.

ఆయన మొక్క పీకి, మట్టి దులిపాడు. బుడిపెలు.

"ఇంకేం అన్నయ్యా," అన్నాడు చిన్నమామగారు.

"పడమర ఒకటి పీకండి మామయ్యా," అంది కోడలు.

"నేల ఒకటే, మందు ఒకటే. ఎందుకు?" అన్నాడు మామగారు.

కోడలు డ్రమ్ముకేసి చూసింది. ముప్పై ఏళ్లలో ఒక్క తప్పూ ఒప్పుకోని అత్తగారు కొంగు నలిపింది. "పీకండి. ఆ మందు చంపింది నేనే," అని సంగతంతా చెప్పేసింది.

ఆయన పడమరకి వెళ్లాడు. ఒకటి పీకాడు. బకెట్లో ముంచి తీశాడు. తెల్లటి వేళ్లు, దారపుపోగుల్లా. రెండోది పీకాడు. ఎక్కడో ఆవగింజంత బుడిపె ఒకటి. మూడోది శుభ్రం.

"అన్నయ్యా, ఏదో ఒకటి రెండు..."

"నువ్వుండరా." వేళ్లని వెలుతురుకి పట్టి చాలాసేపు చూశాడు. "తూర్పు వరసలు పీకేయండి. అటు కోళ్లు. ఇటు నీది, అమ్మాయ్."

"అయితే తూర్పు మట్టి కాళ్లకి అంటించుకుని ఎవరూ ఇటు రాకూడదు. పురుగు మట్టితోనే వస్తుంది," అంది కోడలు.

మామగారు తన చెప్పులకేసి చూసుకున్నాడు. వాటికి తూర్పు బురద దట్టంగా ఉంది. వచ్చిన అడుగుల్లోనే అడుగులేస్తూ, వెనక్కి వెనక్కి నడిచాడు.