బోల్టు మీది అంకె

మా ఇంట్లో పదకొండు తుపాకులున్నాయి. అన్నీ మొదటి ప్రపంచయుద్ధం నాటి సైనికుల రైఫిళ్ళు. ఒక్కటైనా పేలగా నేను వినలేదు. గరాజు పక్క గదిలో, నేలకు బిగించిన ఇనప బీరువాలో ఉంటాయి. ఇంట్లో తక్కిన తాళాలన్నీ నా దగ్గరే. ఆ ఒక్క బీరువా తాళం ఎక్కడుందో మాత్రం నాకు తెలియకూడదు. లైసెన్సు మా ఆయనది, ఈ దేశంలో చట్టం అలా ఉంది.

మా ఆయన శ్రీపతి వంతెనల ఇంజనీరుగా రిటైరయ్యారు. మూడేళ్ళ కిందట కంటిలో నడిమి చూపు తగ్గడం మొదలైంది. ఇప్పుడు మనిషి భుజాలు తెలుస్తాయి, మొహం తెలియదు. పాత తుపాకులు సేకరించేవాళ్ళ క్లబ్బులో ఎవరికీ చెప్పలేదు. పాత రైఫిల్ చేతికిచ్చి ఇదెక్కడిదని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ళ ముందు చిన్నబోవడం ఇష్టం లేదు. కారు నడపడం మా ఆవిడకు సరదా అని చెప్పుకున్నారు. నాకే సరదా లేదు.

తుపాకులు వేలంలో కొంటారు. వేలానికి ముందు సరుకు చూడనిస్తారు. అప్పుడు నా పని అంకెలు చదవడం. తుపాకీ తయారైనప్పుడు ఒకే నంబరు నాలుగు చోట్ల కొడతారు: గొట్టం మొదట్లో, మూతి దగ్గర, కర్ర మీద, తూటాను లోపలికి తోసే బోల్టు పిడి వెనక. నాలుగూ ఒకటైతే మ్యాచింగ్. బోల్టు మారిపోయిందంటే ఆయన ముట్టుకోరు. జాకెట్టు గుడ్డ కోసం విజయనగరంలో నాలుగు మ్యాచింగ్ సెంటర్లు తిప్పిన దానివి, నీకంటే ఎవరు పనికొస్తారని మొదట్లో నవ్వించి తీసుకెళ్ళారు. బి.ఎస్సీ.లో నాది బోటనీ. భూతద్దంతో కేసరాలు లెక్కపెట్టిన కళ్ళు. ఒక్క అంకె కూడా తప్పు చదవలేదు.

ఈస్టరుకి ఒక మాట అనుకున్నాం. రౌస్ హిల్‌లో ఈ మేడ ఇల్లు అమ్మేసి, మెట్రో స్టేషను దగ్గర రెండు గదుల ఫ్లాటు తీసుకోవాలని. అక్కడైతే కారక్కర్లేదు, మెట్లెక్కక్కర్లేదు. ఆ బీరువా అక్కడ పట్టదు కాబట్టి తుపాకులు కూడా వేలానికే వెళ్ళాలి. సరేనన్నారు. ఆగస్టులో ఒక కేటలాగు వచ్చింది. ఇక్కడి లిత్గో ఫ్యాక్టరీలో 1916లో తయారైన రైఫిల్ ఉందట. ఇదొక్కటీ వస్తే వరస పూర్తవుతుంది, తర్వాత ఇల్లు చూద్దామన్నారు. పదోదానికీ ఇదే మాట చెప్పారు. పదకొండోదానికి ఆ మాటైనా చెప్పలేదు, కొనేశారు.

శనివారం పొద్దున్నే బయల్దేరాం. బెల్స్ లైన్ రోడ్డు మలుపుల్లో రెండున్నర గంటలు నేనే నడిపాను. కొండలు దాటాక ఒక పాత ఉన్ని గోదాములో వేలం. రేకుల కప్పు, ఇక్కడి ఆగస్టు చలి, థర్మాస్ ఫ్లాస్కులతో ముసలాళ్ళు. గ్రాహమ్ అని క్లబ్బు మనిషి ఎదురొచ్చి, ఇవాళ బాస్ ఎంతవరకూ పర్మిషన్ ఇచ్చిందని మా ఆయన్ని ఆటపట్టించాడు. బాస్‌ని నేనే. నవ్వాను.

బల్ల మీద ఆ రైఫిల్ ఉంది. నిజం చెప్పాలంటే బాగుంది. కర్ర తేనె రంగులో, ఎవరూ పాలిష్ పెట్టి పాడుచెయ్యకుండా ఉంది. టార్చి వేసి మూడు చోట్లా చదివాను. నాలుగు, ఒకటి, మూడు, ఏడు, ఒకటి. బోల్టు దగ్గరికొచ్చాను. అక్కడా అదే నంబరు, స్పష్టంగా ఉంది.

“చివరిది ఏడు,” అన్నాను.

“ఒకటి కాదా?”

“ఏడు.”

ఆయన బోల్టు పిడి కాసేపు చేత్తో పట్టుకున్నారు. తర్వాత జాగ్రత్తగా బల్ల మీద పెట్టేశారు.

వేలంలో ఆ రైఫిల్ వంతు వచ్చినప్పుడు ఆయన చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. గ్రాహమ్‌కి దక్కింది. నాకు తేలిగ్గా ఉంటుందనుకున్నాను. ఏమీ అనిపించలేదు, కుర్చీ చల్లగా ఉందని తప్ప. గ్రాహమ్ మొహమంతా వెలుగుతో వచ్చాడు. నాలుగు నంబర్లూ కలిశాయి, నువ్వు నాకెలా వదిలేశావని అడిగాడు. నేను నేల చూశాను. ఇంట్లో చోటు లేదని ఆయన తాపీగా చెప్పి, అభినందనలంటూ చెయ్యి చాచారు.

తిరుగుదారిలో ఘాట్ దిగుతుండగా ఉండబట్టలేక చెప్పాను.

“అది ఒకటే. నేనే ఏడన్నాను.”

“తెలుసు. గోరు పెట్టి చూశాను. ఏడుకి పైన గీత ఉండాలిగా.”

“మరి చెయ్యి ఎత్తలేదేం?”

ఆయన కిటికీ వైపే తిరిగి ఉన్నారు. “నువ్వు నోరు విప్పి వద్దంటే తగువేసుకునేవాణ్ణి శ్యామా. అబద్ధం ఆడావు. ఇంతమాత్రానికి నువ్వు అబద్ధమాడాల్సి వచ్చిందంటే ఇంకేం తగువేసుకోను?”

వద్దని ఎన్నిసార్లు చెప్పానో లెక్క చెప్పొచ్చు. చెప్పలేదు. మలుపులో ఎదురుగా లారీ వస్తోంది.

“కోపమా?” అన్నాను లారీ దాటాక.

“కాదు. అలసట. సోమవారం ఆ ఇళ్ళ ఏజెంటుకి ఫోన్ చెయ్యి,” అన్నారు.

నాలుగు నెలలుగా నేను కోరుకుంటున్న మాట అది. అలాగే అన్నాను.

బిల్‌పిన్ దగ్గర ఆకలేస్తోందన్నారు. రోడ్డు పక్క ఆపిల్ తోటల కొట్టు ముందు ఆపాను. చలికి మోకాళ్ళు పట్టేశాయి, కారు దిగడానికే ఇద్దరికీ రెండు నిమిషాలు పట్టింది. గుమ్మం పక్కన నల్లబల్ల మీద సుద్దముక్కతో ఏదో రాసి ఉంది. ఏముందని అడిగారు. వేడి ఆపిల్ పై, గుమ్మడికాయ సూప్, నాలుగింటి వరకే అని చదివాను.

ఆయన కదల్లేదు.

“నాలుగింటి వరకేనా? సరిగ్గా చూశావా?”

ఇన్నేళ్ళలో నేను చదివినదాన్ని సరిగ్గా చూశావా అని ఆయన అడగడం అదే మొదలు. బోర్డు దగ్గరగా వెళ్ళి, మొదటి మాట నుంచీ మళ్ళీ చదివాను.