వెనక నిలబడ్డ ఐరిస్

బర్బ్యాంక్‌లో పుట్టి పెరిగినా విల్మా హాస్కెల్‌కి సినిమాల పిచ్చి అంటలేదు. ఆ ఊళ్ళో సగంమంది స్టూడియోల తిండి తిన్నవాళ్ళే. వాళ్ళ నాన్న కార్ల్ కూడా ఒక స్టూడియోలో వడ్రంగి. షూటింగుల కోసం, తలుపు తీస్తే వెనక ఏమీ ఉండని ఇళ్ళు కట్టేవాడు. విల్మా తన అరవై రెండో ఏట మోకాలి ఆపరేషనయి ఇంటికే పరిమితమయ్యాక, ఏమీ తోచక, లైబ్రరీ నుంచి పాత టీవీ సీరియళ్ళ డీవీడీలు తెప్పించుకుంది.

వాటిలో ఒక డిటెక్టివ్ సీరియల్ ఉంది. చిన్నప్పుడు అది చూడనిచ్చేవాడు కాదు నాన్న. శుక్రవారం సాయంత్రం అది మొదలయ్యే వేళకి పిల్లలు చూసేది కాదని చెప్పి తనని లోపలి గదిలోకి పంపి, శబ్దం తగ్గించుకుని ఒక్కడే చూసేవాడు.

మూడోరోజు మధ్యాహ్నం చూస్తున్న కథలో డిటెక్టివ్ ఒక హోటల్లోకి వచ్చి గది తాళం అడుగుతాడు. అతని వెనక టెలిఫోన్ బోర్డు ముందు కూర్చున్న ఒకామె తల తిప్పి చూస్తుంది. రెండు క్షణాలు, అంతే. విల్మా బొమ్మ ఆపింది. పాత రీలుని ఎవరో శ్రద్ధగా శుభ్రం చేసినట్టున్నారు, వెంట్రుకలు కూడా లెక్కపెట్టేటంత స్పష్టంగా ఉంది. ఆమె ఎడమ కనుబొమ చివర గోరంత ఖాళీ. విల్మా తన కనుబొమ తడుముకుంది. పుట్టుకతో వచ్చిన అదే ఖాళీ, అదే చోట.

అట్ట వెనక తేదీ చూసింది. పంతొమ్మిది వందల యాభై తొమ్మిది, నవంబరు. అమ్మ ఐరిస్ యాభై అయిదులో న్యుమోనియాతో పోయిందని నాన్న చెప్పాడు. అప్పటికి విల్మాకి నాలుగేళ్ళు. సమాధి ఎక్కడని అడిగితే, దూరాన ఒరెగాన్ రాష్ట్రంలో, అమ్మ వాళ్ళ సొంతూళ్ళో అని, తను పోయేదాకా అదే చెప్పాడు.

కర్ర పట్టుకుని నడవగలిగిన మొదటి వారమే పాసడీనాలోని వృద్ధాశ్రమానికి వెళ్ళింది. అమ్మ చెల్లెలు లెనోర్ అక్కడుంటుంది. ఎనభై ఏడేళ్ళు వచ్చినా మతి చెదరలేదు. ఒంటరిగా పేకాడుకుంటోంది. విల్మా చేతిసంచీలోంచి చిన్న డీవీడీ ప్లేయర్ తీసి పేకముక్కల మీదే పెట్టి ఆ బొమ్మ చూపించింది.

లెనోర్ ఎవరని అడగలేదు.

"జుట్టు అప్పుడే కత్తిరించుకుంది," అంది.

"బతికే ఉందా పిన్నీ?"

"పంతొమ్మిది వందల అరవై అయిదు దాకా ఉంది. వాన్ నైస్‌లో, ఒక రొట్టెల దుకాణం మీద గదిలో. ఇలా వెనక నిలబడే వేషాలేసుకుని బతికేది."

తమ ఇంటికి పది మైళ్ళు. నాన్న ఇంత అబద్ధం ఎలా ఆడాడని విల్మా అంటుంటే ముసలావిడ చెయ్యెత్తి ఆపింది.

"మీ నాన్ననేం అనకు. చచ్చిపోయానని చెప్పమన్నది అదే. వెళ్ళిపోయిందంటే పిల్ల కిటికీ దగ్గరే కూర్చుంటుంది, చచ్చిపోయిందంటే నాలుగురోజులు ఏడ్చి ఊరుకుంటుంది అంది."

"ఎందుకు వెళ్ళింది?"

లెనోర్ ప్లేయర్ మూసి పక్కన పెట్టింది. ఇంకో మగవాడు లేడంది, పేరు తెచ్చుకోవాలన్న ఆశా లేదంది. "ఇంట్లో ఊపిరాడట్లేదనేది, తల్లీ. ఆ మాటకి అర్థం నాకూ తెలీదు, దానికీ తెలీదు. ఈవారం ఆ సీరియల్లో అది కనిపిస్తుందా అని మీ నాన్న నాకు ఫోన్ చేసి అడిగేవాడు. ఉన్నా లేకపోయినా కూర్చుని చూసేవాడు."

అప్పటినుంచి విల్మా వెతకడం మొదలుపెట్టింది. ఆ కాలం సినిమాలు, సీరియళ్ళు ఏవి దొరికితే అవి తెచ్చి, కర్టెన్లు వేసుకుని చూసేది. వసంతం వచ్చేసరికి అమ్మ పధ్నాలుగు చోట్ల దొరికింది. బ్యాంకు వరసలో, బస్‌స్టాపులో, ఒక శవపేటిక వెనక నల్లబట్టల్లో. ఒక్కోదానికీ కొంచెం చిక్కిపోతూ, కొంచెం ముసలవుతూ. నాయకుడూ నాయికా ముందు ఏం చేస్తున్నారో విల్మా కంటికి ఆనేది కాదు. కూరగాయల కొట్లో కూడా మాట్లాడే మనిషిని వదిలేసి, ఆ మనిషి భుజం వెనక ఎవరున్నారా అని చూసేది. పలకరించినవాళ్ళు వెనక్కి తిరిగి చూసుకునేవాళ్ళు.

అన్ని చోట్లా ఐరిస్ మూగే. అరవై మూడు నాటి ఒక సీరియల్లో మాత్రం నర్సు వేషంలో గది తలుపు దగ్గర నిలబడింది. డాక్టరు వస్తే తలుపు మెల్లగా దగ్గరికి వేసి, "ఆవిడ నిద్రపోయిందండీ," అంది.

అమ్మ గొంతు ఎలా ఉండేదో విల్మాకి గుర్తులేదు. వింటే ఒంట్లో ఏదో ఒకటి కదులుతుందనుకుంది. ఏమీ కదల్లేదు. ఎవరో ఆడమనిషి గొంతు, కాస్త బొంగురు. వెనక్కి తిప్పి మళ్ళీ విన్నది. మళ్ళీ విన్నది. పదోసారికి ఆ గొంతు ఎప్పటినుంచో తెలిసినట్టే అనిపించింది. నాలుగేళ్ళప్పటి ఇంట్లోంచి వస్తోందా, లేక పదిసార్లు విన్నందుకేనా అన్నది మాత్రం ఆమెకి ఎప్పటికీ తేలలేదు.