మూడు వేళ్ళ గీతలు

ఈ గీతలు గుండ్రంగా లేవు, అదీ సంగతి, గుండ్రంగా ఉండుంటే తన మెషీన్‌వే అని ఒప్పుకుని మళ్ళీ ప్యాడ్ మార్చేది, మెరుపు పెట్టే బఫింగ్ మెషీన్ ప్యాడ్ తిరుగుతూ రుద్దుతుంది కాబట్టి అది పెట్టే గీతలు సాలెగూడులా చుట్లు చుట్లుగా ఉంటాయి, ఇవేమో తిన్నగా, పెట్రోలు ట్యాంకు ముందు నుంచి సీటు దాకా ఒక్క లాగుడులో, వెంట్రుక కన్నా సన్నంగా, పదిన్నర ఎండ ఏటవాలుగా పడితే తప్ప కనపడకుండా, పైగా మూడు బారులుగా, విభూది రేఖల్లాగా ఉన్నాయి అనుకుంటూ హారతి, తణుకు రోడ్డు పక్క, బళ్ళకి రంగులేసే నాన్న షెడ్డు గుమ్మంలో స్టాండు వేసిన మెరూన్ రంగు మోటార్‌సైకిల్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని తల అటూ ఇటూ వంచి చూసింది, నిన్న సాయంత్రపు వాలు ఎండలో ఈ ట్యాంకులో తన మొహం ముక్కుపుడకతో సహా కనపడింది, అంటే ఆ తరవాతే ఎవరో ముట్టుకున్నారు, ఎవరు ముట్టుకుంటారు, అనుకోగానే పొద్దున్న ఏడింటి షెడ్డు కళ్ళముందుకొచ్చింది, టీ కూడా తాగకుండా నాన్న, భుజం మీది తువ్వాలు తీసి మూడు వేళ్ళకి చుట్టి, ఏదో కూనిరాగం తీస్తూ, ట్యాంకుని ముందు నుంచి వెనక్కి, దూడ వీపు నిమిరినట్టు తుడవడం, రోజూ చూసేదే, రోజూ చూసేది కాబట్టే ఇన్నాళ్ళూ చూడలేదు.

మూడు నెలలు, మూడు నెలల నుంచీ ఇలాంటి గీతలు ఆమెకి నిద్ర పట్టనివ్వలేదు, పాత రంగులు మానేసి పైన అద్దంలాంటి క్లియర్ పూత వేద్దాం నాన్నా, చేత్తో రుద్దడం మానేసి మెషీన్ కొందాం అని పట్టుబట్టింది తనే, ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివిన పిల్ల మాట అని నాన్న బుల్లబ్బాయి మేస్త్రి సరేనన్నాడు, సరేనన్న నెలకే పాల కేంద్రం ఆయన స్కూటీ తిరిగొచ్చింది, ఆ తరవాత ఇంకో రెండు బళ్ళు, ఎండలోకి తీస్తే సన్న గీతలమ్మా అని, అప్పుడు ప్యాడ్ మార్చింది, రుద్దే కాంపౌండ్ మార్చింది, బోరునీళ్ళలో ఇసుకుందేమోనని నీళ్ళు వడగట్టింది, ఆఖరికి తన మణికట్టునే అనుమానించింది, ల్యాబులో బొట్టు బొట్టుగా లెక్కపెట్టి ఆమ్లం పోసిన ఈ చేతికి ఇంత మాత్రం నిదానం లేదా అని ఏడిచింది కూడా, ఇప్పుడు తెలిసింది, తన చేతిలో లోపం లేదు, పూత గట్టిపడటానికి ఇంకా రోజులు పడుతుంది, ఆ మెత్తటి పూత మీద పొద్దంతా గరుకు కాగితం దుమ్ములో దొర్లిన పొడి తువ్వాలు, ఇంకేం కావాలి, పాత రంగుకి ఇంత మెరుపుండేది కాదు కాబట్టి ఆ తువ్వాలు అప్పుడూ గీసే ఉంటుంది, కనపడలేదంతే, అబ్బ, ఎంత తేలిగ్గా ఉంది ఒళ్ళు, లేచి గెంతాలనిపించింది, సరిగ్గా అప్పుడే ఆటో ఆగింది.

అమ్మిరాజు గారు, బండి ఆయనదే, కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి, ముప్పై ఏళ్ళు కాలవగట్లంట ఈ బండి మీదే తిరిగి ఇప్పటికి రెండుసార్లు నాన్న చేతే రంగు వేయించుకున్నారు, పదకొండింటికి రమ్మంటే పావుగంట ముందే వచ్చి కళ్ళజోడు నుదుటికి నెట్టి ట్యాంకు మీదకి వంగారు, ఇదేంటమ్మాయ్, కొత్త రంగు మీద ఈ గీకుళ్ళేంటి, పిల్లి గానీ పడుకుందా, ఏవయ్యా బుల్లబ్బాయ్, నువ్వు చేత్తో రుద్దిన రోజుల్లో ఇలాంటివి ఎప్పుడైనా చూశామా, బీయస్సీ పిల్ల చేతికి మెషీనిచ్చి నువ్వు హాయిగా కూర్చున్నావు, అదేం లేదండి, ఇరవై నిమిషాల్లో తీసేస్తానండి, నేను కెమిస్ట్రీ చదివాను, ఇదీ కెమిస్ట్రీయేనండి అంది హారతి, ఆఁ, అయితే నీ ప్రాక్టికల్సు నా ట్యాంకు మీద పెట్టకమ్మా తల్లీ, అందరూ నవ్వినట్టే ఉంది గానీ నవ్వింది ఆయనొక్కరే, అప్పుడు రంగు చిమ్మే కంప్రెసర్ పక్క నుంచి నాన్న గొంతు, మెల్లగా, కొత్త చెయ్యి కదండీ, నేర్చుకుంటుందిలెండి, పిల్లకి ఓపికెక్కువ.

కొత్త చెయ్యి, ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది, ఆయన తనని వెనకేసుకొస్తున్నాడు, పాపం, తప్పు కూతురిదేనని నిజంగా నమ్మి వెనకేసుకొస్తున్నాడు, ఒక్క మాట చాలు, ఆ గీతలు మా నాన్న తువ్వాలు పెట్టినవండీ అంటే చాలు, మూడు నెలల అపవాదు ఈ గుమ్మంలోనే పోతుంది, నాలుక చివర దాకా వచ్చింది, కానీ ఇన్నేళ్ళుగా నాన్న పనినే నమ్ముకున్న మనిషి ముందు ఆ మాట ఎలా అనడం, అనలేక బండిని నీడలోకి తోసింది, ఎండకి కాగిన పూత మీద మెషీన్ పెడితే ఇంకా పాడవుతుంది, తడిగుడ్డతో దుమ్ము తీసి, చల్లబడేదాకా ఆగి, అంచులకి టేపు వేసి, మెత్తటి ప్యాడ్ మీద శనగగింజంత కాంపౌండ్ పెట్టి, వైరు భుజం మీదుగా వెనక్కి వేసుకుని, తక్కువ వేగంతో మొదలుపెట్టింది, ఒకచోట ఆగకుండా, నొక్కకుండా, మెషీన్ బరువే చాలు, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, ఈ పని తనకొచ్చు, తనకొచ్చని ఇవాళ తెలిసిన చెయ్యి ఎంత కుదురుగా కదులుతోందో తనకే ముచ్చటగా ఉంది, నాన్నకి చెప్పక్కర్లేదేమో, రోజూ ఆయన తుడిచాక తనొకసారి చడీచప్పుడు లేకుండా రుద్దేస్తే పోలా, కానీ గీత తియ్యడమంటే దాని చుట్టూ ఉన్న పొరని గీత లోతు దాకా దించడమే కదా, పూత మందమెంత, కాగితమంత కూడా ఉండదు, ఎన్నిసార్లు దించుతుంది, ఒకరోజు అడుగు రంగు బయటపడుతుంది, అప్పుడేం చెబుతుంది, మెషీన్ ఆపి తడిగుడ్డతో తుడిచి బండిని మళ్ళీ ఎండలోకి తీసింది, ట్యాంకులో ఆకాశం, కరెంటు తీగలు, వంగి చూస్తున్న అమ్మిరాజు గారి బట్టతల, గీతన్నది లేదు.

ఆయన చుట్టూ రెండుసార్లు తిరిగి, బావుందయ్యా బుల్లబ్బాయ్, నువ్వు దగ్గరుండి చూసుకున్నావు కాబట్టి సరిపోయింది అన్నారు, పోనీలే, ఎవరికిస్తే ఏంటి ఆ మెప్పు అని ఆమె టేపు ఊడదీస్తోంది, ఇంతలో నాన్న మొహం వెలిగిపోతూ ముందుకొచ్చాడు, బండి అప్పగించే ముందు ఆఖరిసారి, ఎప్పట్లాగే, చెయ్యి భుజం మీదికి వెళ్ళింది, తువ్వాలు మూడు వేళ్ళకీ చుట్టుకుంది, నాన్నా ఆగు, తువ్వాలొద్దు, అనేసింది, తీగలో కరెంటుంది ముట్టుకోకు అన్నంత చటుక్కున వచ్చేసింది ఆ మాట, ఏవే, ఎందుకొద్దు, ఇందాకటి గీతలు దానివే నాన్నా, పొద్దున్న తుడిచావు కదా, మూడు వేళ్ళవి, అమ్మిరాజు గారు పగలబడి నవ్వారు, ఓరి నీ దుంపతెగ, అయితే పిల్లివి నువ్వటయ్యా, నాన్న నవ్వలేదు, తువ్వాలు ఎండకి ఎత్తి పట్టి బొటనవేలితో రాసి చూసుకున్నాడు, గరగరలాడింది, పాలాయన స్కూటీ కూడా నేనేనా, నువ్వే నాన్నా, మిగతా రెండూ, అవీ, మరి చెప్పవేంటే, ఇవాళేగా నాకు తెలిసింది, తెలిశాక కూడా అరగంట ఊరుకున్నావుగా, నేను ఆయన ముందు కొత్త చెయ్యి అంటుంటే వింటూ నిలబడ్డావుగా.

నాన్న కోపంగా ఉన్నాడా అని చూస్తే కోపం ఆ తువ్వాలు మీద చూపించినట్టు కూడా లేదు, అది మడిచి పక్కన పెట్టి, మరి దేంతో తుడవాలి, పొడిగానా తడిగానా, ఎటు లాగాలి, అని చెయ్యి చాపాడు, అడిగింది మేస్త్రి, ఇన్నాళ్ళూ ఈ షెడ్డులో తెలియనిది ఎవరినైనా సరే అడిగి నేర్చుకుంటూ వచ్చిన మేస్త్రి, తడి మెత్తగుడ్డ ఆ చేతిలో పెడుతుంటే హారతికి గుర్తొచ్చింది, ఇందాక మెషీన్ పట్టుకుని ఎంత తెలివిగా అనుకుంది, ఆయన వెనకాల చడీచప్పుడు లేకుండా రుద్దేస్తే పోలా అని, ప్రేమనుకుంది దాన్ని, అలా దిద్దుకుంటూ పోయుంటే రోజూ ఆయన్ని కాస్త కాస్తగా ఈ పనిలోంచి తప్పించేసేది, చివరికి ఎప్పుడో ఒకరోజు ఆయన తన షెడ్డులో తనే చుట్టపుచూపుగా వచ్చినవాడిలా కుర్చీలో కూర్చునేవాడు, ఎందుకలా అయిందో ఆయనకి ఎవరూ చెప్పి ఉండేవారు కాదు.