తిట్లకు పాసైన స్క్రిప్టు

గంగాదేవి రాసిన పరీక్ష స్క్రిప్టు పొద్దున్నుంచీ, తప్పుందని చెప్పే ఎర్రగీత దగ్గరే ఆగిపోతోంది. బెంగళూరు ఆసుపత్రి ఒకదానికి, రోగులు ఇంట్లోంచే టోకెన్ తీసుకునే వెబ్‌సైటు ఒకటి తయారైంది. అనంతపురంలో టైర్ల కొట్టు పైనున్న ఆ చిన్న ఆఫీసుకు 2008లో దాన్ని పరీక్షించే పని దక్కింది. మనిషికి బదులు స్క్రిప్టే బ్రౌజరు తెరిచి, పేరు నింపి, డాక్టరును ఎంచి, బటన్ నొక్కి చూస్తుంది. టోకెన్ నంబరు రావాల్సిన చోట మాత్రం ఏమీ రావడం లేదు.

మేనేజర్ తిప్పేష్‌కు ఒళ్ళు మండిపోయింది. తానే చేత్తో నొక్కి చూసి, అంతా బాగుందని బెంగళూరుకు ముందే మాట ఇచ్చేశాడాయన. సాయంత్రానికి సైటు జనంలోకి వెళ్ళాలి.

"ఏమ్మా, నేను నొక్కితే టోకెన్ వస్తాండాది, నీ స్క్రిప్టుకు రాదా? తప్పు యాడుందో నాకు తెలుసులే. సాయంత్రానికి అంతా పచ్చగా రాలేదంటే దాంతో పాటు నువ్వూ పోతావు," అన్నాడు అందరికీ వినబడేలా.

ఈ ఉద్యోగం కోసం ముదిగుబ్బ నుంచి రోజూ బస్సులో నిలబడి వస్తుంది గంగాదేవి. ఈయనగారి నోట పడటానికా? పళ్ళు బిగబట్టి, స్క్రిప్టును ఒక్కో అడుగే నడిపించే బటన్ మీద వేలు పెట్టింది. తిప్పేష్ వచ్చి కుర్చీ వెనకే నిలబడ్డాడు.

పేజీ తెరుచుకుంది. "చూడు, వచ్చె కదా. కండ్లుండాయా నీకు?" పేరు నిండింది. "ఇదీ వచ్చె. డిగ్రీ యాడ కొన్నావమ్మా?" డాక్టరు పేరు పడింది. "సదువుకున్న మొగమేనా ఇది?" చివరి బటన్. టోకెన్ నంబరు టక్కున వచ్చింది.

ఆఫీసంతా కిసుక్కుమంది. పక్క కుర్చీలో రోజూ ఆమెతో కలిసి పనిచేసే కుళ్ళాయప్ప కూడా నవ్వాడు. గంగాదేవి ముఖం జేవురించింది. ఈసారి ఆపకుండా నడిపించింది. ఎరుపు. ఒక్కో అడుగే, వెనక తిట్లతో సహా నడిపిస్తే మళ్ళీ పచ్చ.

అప్పుడు తట్టింది ఆమెకు. డాక్టరును ఎంచాక ఆ పేరు సర్వరుకు చేరడానికి కొంచెంసేపు పడుతోంది. ఈలోపే బటన్ నొక్కితే టోకెన్ లేదు. ఈ ఊళ్ళో నెట్టుది నత్తనడక. ఏది నొక్కినా చేయి తీసి, పేజీ కుదురుకునేదాకా కాచుకోవడం ఇక్కడి వాళ్ళందరికీ అలవాటైపోయింది. అందుకే తిప్పేష్‌కు తప్పు కనబడలేదు. స్క్రిప్టుకు ఆ ఓపిక ఎక్కడిది?

మౌసు పట్టుకుని తనే చకచకా నొక్కింది. 'ధన్యవాదాలు' అని వచ్చింది గానీ టోకెన్ రాలేదు.

"తప్పు పేజీది సార్. మీరు తిడతాంటే ఆ సందులో అది తేరుకుంటాండాది."

నవ్వు తిప్పేష్ మీదికి మళ్ళింది. ఆయన ముఖం మాడిపోయింది. "ఎక్కువ మాట్లాడద్దు. స్క్రిప్టు ఆడ ఐదు సెకన్లు ఆగేట్టు పెట్టు. పచ్చగా వస్తాది. పంపించు."

నిజమే, వస్తుంది. ఉద్యోగమూ నిలుస్తుంది. కానీ గంగాదేవి కుర్చీ ఆయన వైపు తిప్పింది.

"మరి రేపు గుండె పట్టుకోని టోకెన్ నొక్కేవాళ్ళు ఆగుతారా? ఒక్కొక్కరి ఎనకాల పోయి నిలబడి తిడతావా నువ్వు?"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"లెయ్యి. బయటికి పో," అన్నాడు తిప్పేష్.

లేచేముందు ఎర్రటి ఫలితాన్ని ఉన్నదున్నట్టు బెంగళూరుకు పంపేసి, బ్యాగు తీసుకుంది. మెట్లు దిగుతుంటే పైనుంచి తిప్పేష్ గొంతు వినబడింది.

"కుళ్ళాయప్పా, ఆ కుర్చీలో కూర్చో. ఐదు సెకన్లు పెట్టి ఇంకోసారి పంపు."

"సరే సార్," అన్నాడు కుళ్ళాయప్ప.

తిప్పేష్ తిట్లన్నిటికీ రాని ఏడుపు ఆ ఒక్క మాటకు వచ్చింది గంగాదేవికి.