ఆరు దుకాణాల గాలి

నడిపయ్య పసుపు కొమ్ము విరిచాడు. టక్కుమంది. విరిగిన చోటును వెలుతురుకు తిప్పి చూశాడు. లోపల నారింజ చాయ నిండుగా ఉంది. రెండో బస్తాలో మోచేతి దాకా చేయి దూర్చి, అడుగు నుంచి ఇంకో కొమ్ము లాగాడు. అది విరగలేదు, వంగింది. పైన ఎండింది పోసి, కింద పచ్చిది దాచారు.

బస్తా పక్కన నిలబడ్డ సిరికొండ రైతు లింగన్న నేల చూపులు చూశాడు.

"ఇంకో నాల్గొద్దులు ఎండబెట్టకపోతివా?"

"ఎండ యాడుంది కాకా, మొగులే పట్టె."

"మొగులు అడుగు బస్తాకే పట్టిందా?"

లింగన్న సిగ్గుపడి నవ్వాడు. నడిపయ్య నవ్వలేదు. చేతులు దులుపుకొని దుకాణం మెట్లెక్కాడు.

రెండువేల ఎనిమిది, మార్చి నెల. ఆర్మూర్‌లో పసుపు దిగుతున్న రోజులు. మార్కెట్ యార్డు ఎదురుగా ఒకే రేకుల కప్పు కింద, రైతుల సరుకు కమిషన్ మీద అమ్మిపెట్టే ఆరు అడ్తి దుకాణాలు ఉన్నాయి. వాటిలో మూడోది గంగాకిషన్ సేటుది. అందులో నడిపయ్య ముప్పై ఒక్క ఏళ్లుగా సరుకు చూస్తున్నాడు. పొట్టి మనిషి. భుజాలు ముందుకు వంగి ఉంటాయి. గోళ్ల సందుల్లో, అరిచేతి గీతల్లో పసుపు ఇంకిపోయింది. ఎంత రుద్దినా పోదు. చెవులు మాత్రం పాముచెవులు. ఎదుటి మనిషి పది మాటలంటే ఆయన ఒకటంటాడు. ఆ ఒక్కటీ సరుకు గురించే.

"లింగన్నది రెండో రకం. అడుగు పచ్చి," అన్నాడు లోపలికి వచ్చి.

సువర్ణ కంప్యూటర్‌లో కొట్టుకుంది. ఆమె సేటు వదినె చెల్లెలి బిడ్డ. డిగ్రీ చదివి కూర్చుంది. ఏ ఊరు, ఏ రైతు, ఎన్ని బస్తాలు, ఏ రకం, అన్నీ నడిపయ్య నోటి నుంచి ఆ కంప్యూటర్‌లోకే పోతాయి. పొద్దుగూకే వేళ ఆమె వాటిని ఒక కాగితం మీద అచ్చు తీసి సేటుకు ఇస్తుంది. మొదటి రకం పండించిన వాళ్ల ఇంటికి సేటు తెల్లారి స్వయంగా పోతాడు. మిగతా సరుకు కూడా తన దుకాణానికే తెమ్మని మాట తీసుకుంటాడు. ఆ కాగితం సంగతి ముగ్గురికే తెలుసు.

ఇరవై రోజుల కింద అది చెడింది. సేటు నవీపేట్ పోతే, పక్క దుకాణం స్వామి అప్పటికే వచ్చి పోయాడన్నారు. జక్రాన్‌పల్లి పోతే అక్కడా అదే మాట. మొదటి రకం వాళ్ల ఇళ్లకే స్వామి పోతున్నాడు. రెండో రకం వాళ్ల గడప ఒక్కటీ తొక్కలేదు. సేటు తన మీద తాను అనుమానపడలేడు. సువర్ణ ఇంటి పిల్ల. ముగ్గురిలో ఇద్దరు పోతే మిగిలింది ఒక్కడే.

ఆ సాయంత్రం నడిపయ్య బస్సుకు బయలుదేరుతుంటే సేటు పిలిచాడు.

"నడిపయ్యా, జర సంచి చూపి పో."

నడిపయ్య చూపాడు. ఖాళీ సద్దిగిన్నె మూత తీశాడు. తువ్వాల విప్పి దులిపాడు. చొక్కా జేబులోంచి బీడీల కట్ట, బస్సు టికెట్టు తీసి బల్ల మీద పెట్టాడు. సేటు దొంగ అనలేదు. అని ఉంటే ఏదో ఒక జవాబు చెప్పేవాడు. అనని మాటకు ఏం చెప్తాడు? మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

జక్రాన్‌పల్లిలో భార్య భాగ్యవ్వ కాళ్లకు నీళ్లిస్తూ అడిగేది.

"ఇయ్యాల సుత చూసిండా?"

ఆయన తువ్వాలతో మొహం తుడుచుకునేవాడు.

"నోరున్నదా, మార్కెట్ల అమ్ముకొచ్చినవా? నేను గాదని చెప్పరాదు?"

చెప్పవచ్చు. కాని ఎవరని అడిగితే?

అప్పటి నుంచి నడిపయ్యకూ అందరి మీదా అనుమానం పట్టుకుంది. సువర్ణ సెల్‌ఫోన్‌లో నవ్వితే, అవతల ఎవరని చెవి పెట్టేవాడు. ఆమె చెత్తబుట్టలో వేసిన కాగితాలు ఊడ్చే వంకతో విప్పి చూసేవాడు. ఏళ్ల తరబడి మొహం చూడని స్వామి సేటు ఈమధ్య "ఏం నడిపయ్యా, పానం మంచిగుందా?" అని పలకరిస్తున్నాడు. అదొకటి. సువర్ణ కూడా ఆయనను ఓరకంట చూసేది. ఆయన లోపలికి వస్తే తెర మీది కాగితం మూసేది. అదొకటి.

ఇంకా ఒకటుంది. వరండా నడుమ స్తంభానికి రెండు కొమ్ముల తెల్ల డబ్బా. దసరాకు ఆరు దుకాణాల వాళ్లూ కలిసి పెట్టించారు. అందరి ఇంటర్నెట్టూ దాంట్లోంచే. తీగ లేదు, గాలిలో పోతుందట. ఎవరి మాట ఎటు పోతుందో కంటికి కనబడని దాన్ని నడిపయ్య మొదటి నుంచీ నమ్మలేదు.

పది రోజులుగా ఆయన ఒక చప్పుడు వింటున్నాడు. సాయంత్రం సువర్ణ అచ్చు తీయడానికి మీట నొక్కుతుంది. మిషన్ కదలదు. "మల్ల మొండికేసింది," అని ఇంకోసారి నొక్కుతుంది. అప్పుడు కాగితం వస్తుంది. కాని మొదటిసారి నొక్కినప్పుడు, చెక్క గోడ అవతల స్వామి దుకాణంలో మిషన్ మూలుగుతుంది. రోజూ కాదు. రెండు రోజులకొకసారి. విన్నాడు గానీ ఎవరితోనూ అనలేదు. అనుమానంలో ఉన్నవాడు ఇంకొకరి పేరెత్తితే తప్పించుకోను ఎత్తినట్టే ఉంటుంది.

లింగన్న సరుకు దిగిన రోజే బువ్వ వేళ దాటాక నిజామాబాద్ నుంచి సుకుమార్ వచ్చాడు. డబ్బాలు బాగుచేసే మనిషి. నలభై దాటి ఉంటాయి. బొజ్జ మీద బెల్టు నిలవక మాటిమాటికీ పైకి లాక్కుంటున్నాడు. నెట్టు నత్తలా నడుస్తోందని ఆరు దుకాణాల వాళ్లూ కలిసి పిలిపించారు.

"నడిపయ్యా, నిచ్చెన పట్టుకో," అన్నాడు సేటు.

నడిపయ్య పట్టుకున్నాడు. సుకుమార్ పైకెక్కి డబ్బా మరలు విప్పుతూ తనలో తాను తిట్టుకున్నాడు.

"ఎవడు పెట్టిండురా దీన్ని! ఆరు దుకాణాలను ఒక్క గంపల పోసిండు."

నడిపయ్య అటూ ఇటూ చూశాడు. సేటు లోపల ఫోన్‌లో ఉన్నాడు. నిచ్చెన రెండు చేతులా గట్టిగా పట్టుకుని నోరు తెరిచాడు.

"సారూ. ఒక్కటడుగుతా."

"అడుగు కాకా."

"మా పిల్ల మీట నొక్కితె గోడవతలి మిషన్ ఎందుకు మోగుతది?"

సుకుమార్ చేయి ఆగింది.

"ఏమంటివి?"

"మాది సప్పుడు చెయ్యది. వాళ్లది చేస్తది. నేను పదొద్దుల సంది ఇంటున్న."

సుకుమార్ దిగాడు. తిన్నగా లోపలికి పోయి సువర్ణ వెనక నిలబడ్డాడు.

"ఏదన్న ఒకటి అచ్చు తియ్యి చెల్లే."

సువర్ణ నడిపయ్య వైపు అనుమానంగా చూసి మీట నొక్కింది. ఇక్కడి మిషన్ కదలలేదు. సేటు ఫోన్ చెవి నుంచి దించాడు. చెక్క గోడ అవతల ఏదో దగ్గినట్టయింది. తరువాత కాగితం లాగుతున్న చప్పుడు సాగి, ఆగిపోయింది.

సుకుమార్ తెర మీద వేలు పెట్టాడు.

"గిండ్ల రెండు మిషన్లు కనబడుతున్నయి గదా. ఒక్కటే కంపెనీ, ఒక్కటే పేరు. ఒకటి మీది. ఒకటి గోడవతలిది."

"రెండూ మనయే అనుకున్న," అంది సువర్ణ. "ఒక దాంట్ల రాకపోతె ఇంకోటి నొక్కుతున్న."

"ఎవడు పెట్టిండు దాన్ని నా కంప్యూటర్ల?" సేటు లేచాడు.

"ఎవ్వరు పెట్టలే సేటు. అందరు ఒక్క గాలిల ఉన్నరు గద. పక్కన మిషన్ కనబడితె కంప్యూటర్ దానంతటదే ఎతికి పెట్టుకుంటది."

సేటు చెప్పులు వేసుకోకుండానే పక్క దుకాణానికి నడిచాడు. వెనకాల నడిపయ్య. స్వామి అప్పుడే వచ్చిన కాగితం చేతిలో పట్టుకుని చదువుతున్నాడు. వీళ్లను చూసి దాచలేదు.

"గిది మీదా? తీస్కో."

"ఎన్ని రోజుల సంది వస్తున్నయి?"

"ఎవలు లెక్కబెట్టిండ్రు గంగాకిషన్?"

"వస్తె చెప్పవా?"

"నేను పిలిచిన్నా? అయే నడుసుకుంట వచ్చినయి. ఇంటికొచ్చినదాన్ని ఎల్లగొడతమా?"

గోడకు కొట్టిన ఇనుప చువ్వకు పాత కాగితాలు గుచ్చి ఉన్నాయి. నడిపయ్య దగ్గరికి పోయి చూశాడు. ఇంగ్లీషు రాదు గాని అంకెలు వచ్చు. ఒకటి, రెండు, రెండు, ఒకటి. అవి తను చెప్పిన రకాలే. ఒకటి ఉన్న ప్రతి చోటా ఎర్ర సిరాతో గీత గీసి ఉంది. తన వేళ్లు పసిగట్టిందంతా ఆ చువ్వకు వేలాడుతోంది.

"సరుకు మంచిగ చూస్తవు నడిపయ్యా," అన్నాడు స్వామి. "ఒక్కటి తప్పు పోలే."

నడిపయ్య వెనుదిరిగాడు. తిరిగి వస్తుంటే సేటు ఏమన్నా అంటాడని ఒక అడుగు వెనకే నడిచాడు. సేటు మెట్ల దగ్గర కాలికి రాయి తగిలితే ఆ రాయిని తిట్టాడు.

సుకుమార్ పాత డబ్బా పీకి, కారులోంచి కొత్తది తెచ్చి బిగించాడు. లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చుని గంటన్నర ఏవేవో కొట్టాడు. నడిపయ్య పక్కనే గొంతుక్కూర్చుని ఆ చేతుల వైపే చూశాడు.

"ఏం కాకా, నా మీద కావలి పెట్టిండా మీ సేటు?"

"ఇప్పుడు గాలి మారుస్తవా?"

"గాలి గదే. దుకాణానికో నెంబరు ఇస్తున్న. మీ మాట మీద పది ఏస్త. స్వామి సేటు మాట మీద ఇరవై ఏస్త. ఒక్క డబ్బలకెల్లే పోతయి, గాని పది నెంబరుది ఇరవై ఇంట్లకు పోదు. ఎదురుపడ్డ సుత పలకరియ్యది. వీలాన్ అంటరు దీన్ని."

నడిపయ్య గోటితో మెట్టు మీద గీత గీశాడు.

"యార్డుల కుప్పకు చీటీ పెట్టినట్టు. చీటీ చూసి హమాలీ ఎత్తుతడు."

"గంతే."

"చీటీ మారిస్తె?"

సుకుమార్ పకపక నవ్వాడు. "మస్తు అనుమానం మనిషివి నువ్వు! పెట్టేది, తీసేది డబ్బనే. ఎవల చెయ్యి తగలది."

"అంటె డబ్బను నమ్మాలె."

"ఎవర్నో ఒకర్ని నమ్మాలె గదనే."

నడిపయ్య తల తిప్పుకుని యార్డు వైపు చూశాడు.

పొద్దు వాలింది. సువర్ణ మళ్లీ మీట నొక్కింది. ఇప్పుడు తెర మీద ఒకే మిషన్ ఉంది. కాగితం ఇక్కడే వచ్చింది. అయినా ఎవరూ దాన్ని తీసుకోలేదు. నలుగురూ గోడ వైపు తిరిగి చెవి పెట్టారు. అవతల స్వామి తుమ్మాడు. అంతే.

"సేటు, ఇంగ ఒక్క మాట చెప్పు," అన్నాడు సుకుమార్. "మీ దుకాణం నెట్టుకు తాళం మాట. ఎవ్వరికి తోచనిది కావాలె. దుకాణం పేరు వద్దు, పిల్లల పేర్లు వద్దు."

సేటు గడ్డం గోక్కున్నాడు. దేవుడి పటం చూశాడు, క్యాలెండర్ చూశాడు. నడిపయ్య గుమ్మంలో మిగిలిన తీగను చుట్ట చుడుతున్నాడు.

"నడిపయ్య అని పెట్టు."

"పేర్లు వద్దంటి గద."

"పెట్టవయ్య. గా పేరు ఎవలికి యాదికొస్తది?"

సువర్ణ కిసుక్కున నవ్వి, చప్పున నోరు మూసుకుంది. నడిపయ్య చేతిలో తీగ ఆగింది. సేటు మొహంలోకి చూశాడు. గౌరవానికి అన్నాడా, చులకనకు అన్నాడా? సేటు క్యాలెండర్ మీంచి చూపు తిప్పలేదు. తను ఎన్నో వేల బస్తాల అడుగు చూసినవాడు. ఈ మాట అడుగున ఏముందో నడిపయ్యకు అందలేదు.

బస్సు వేళయింది. ఆయన సంచి తెచ్చి బల్ల మీద పెట్టాడు. తువ్వాల విప్పి దులిపాడు.

"వద్దు, తియ్యి," అన్నాడు సేటు.

నడిపయ్య గిన్నె మూత కూడా తీశాడు. "చూడు సేటు. ఇయ్యాల సుత చూడు."

సేటు చూడలేదు. "రేపు జల్ది రా. నవీపేట్ బండ్లు వస్తయట."

"రేపు రాను."

"ఎల్లుండొస్తవా?"

"రాను."

"గిదేందయ్యా? అయిపాయె గద. తప్పు మిషన్ది."

నడిపయ్య జేబులో బీడీలు పెట్టుకున్నాడు. గిన్నెకు మూత పెట్టి సంచిలో సర్దాడు. గొంతు పెంచలేదు.

"సంచి చూసింది మిషన్ గాదు గద సేటు."

అని మెట్లు దిగాడు. వరండా కింద చెప్పులు తొడుక్కున్నాడు. యార్డు గేటు దగ్గర లింగన్న పలకరిస్తే తల ఊపాడు. నిజామాబాద్ వైపు బస్సు ఆగింది, కదిలింది. దుకాణంలో చాలాసేపు ఎవరూ లైటు వేయలేదు.

తెల్లారి నవీపేట్ బస్తాలు వరండాలో దిగాయి. రైతులు కూర్చుని ఎదురుచూస్తున్నారు. నడిపయ్య రేపో మాపో వస్తాడులే అన్నాడు సేటు, ఎవరూ అడగకుండానే. సువర్ణ కంప్యూటర్ ముందు కూర్చుంది. నిన్న తాళం మాట మరిచిపోకుండా రాసి తెర అంచుకు అంటించిన కాగితం ముక్కను చూసి, ఒక్కో మీటా నొక్కింది. నీలి సిరాతో తొమ్మిది ఇంగ్లీషు అక్షరాలు. వేలెడు కూడా లేదు. టేపుకు అప్పుడే పసుపు పొడి పట్టి ఒక మూల లేచింది, ఫ్యాను ఇటు తిరిగినప్పుడల్లా కొట్టుకుంటోంది.