ముసలమ్మ వేషం

1969 ఫిబ్రవరి పంతొమ్మిది, బుధవారం, మధ్యాహ్నం మూడు గంటలకు మొయినాబాద్ హైస్కూలు వెనక వరండాలో సాముయేలుకు ముసలమ్మ రంగు వేస్తున్నారు.

అప్పటికే క్లాసులు సరిగ్గా జరగడం లేదు. ప్రత్యేక తెలంగాణ కావాలని పెద్ద పిల్లలు పొద్దున పూట ఊరేగింపులు తీస్తున్నారు. కబడ్డీ జట్టు చెదిరిపోయింది. స్కౌట్ పిల్లల కర్రలన్నీ ఊరేగింపు జెండాలకు పోయాయి. పాటల సంఘం హార్మోనియం మీద దుమ్ము పేరుకున్నది. నడుస్తున్నది ఒక్క నాటక సంఘమే. తెలుగు సారు బాలప్ప దాన్ని ఆగనివ్వలేదు. "బడి సక్కగ నడిచిననాడే మన నాటకం. అందాక మాటలు మరువొద్దు," అని రోజూ మధ్యాహ్నం పిల్లలను పిలిచి వేషాలు కట్టించేవాడు.

ఆ సంఘం రేకు డబ్బాలో ఉన్న రంగు పూసుకుంటే, పూసుకున్నంతసేపు ఆ మనిషే అయిపోతారు. హన్మంతు ముసలి మామగా వేస్తే వాడికి నిజంగానే దగ్గు తెరలు వచ్చేవి, మోకాళ్లు పట్టేసేవి. ఒకసారి రంగుతోనే ఇంటికి పోతే వాళ్ల నాయనమ్మ కొంగు సర్దుకుని పీట వేసింది. ఆటయ్యాక కొబ్బరినూనె రాసి గుడ్డతో తుడిస్తే మళ్లీ మీసాలు రాని పిల్లలే. సారు చెప్పే జాగ్రత్త ఒక్కటే.

"రంగుతోటి నిద్రపోవద్దురా. నిద్రపోయినంతసేపు రంగు లోపలికి దిగుతది. దిగింది నూనెకు రాదు."

సాముయేలుకు పదహారేళ్లు. సురంగల్‌లో మోషే, సరోజమ్మల ఒక్కగానొక్క కొడుకు. ఆ ఇంట్లో పెద్ద తరగతి దాకా వచ్చిన మొదటివాడు. పంతులు ఉద్యోగం వస్తుందని తల్లికి ఆశ.

జుట్టు తెల్లబడి, నడుం వంగి, పండ్లు ఊడిపోయి అతను లేచి నిలబడేసరికి హన్మంతు ఉరికొచ్చాడు.

"సారూ, జీపొచ్చింది! పొద్దుగాల చౌరస్తల బస్సు అద్దం పలిగింది గద, ఎవలో సాము పేరు చెప్పిన్రంట!"

"నేను రాయి ఎయ్యలే సారూ," అన్నాడు సాము ముసలి గొంతుతో. "ముందల నిలబడి అరిచిన, గంతే."

బాలప్ప సారు అతని చేతికి కర్ర ఇచ్చాడు. "పో అవ్వా, ఇంటికి పో. పోంగనే తుడుచుకో."

గేటు దగ్గర పోలీసు జవాను అడ్డం నిలబడ్డాడు. "యాడికి ముసలమ్మా?"

"పొద్దు గూకితె నా కోడలు అన్నం పెట్టదు బిడ్డా, జర తొవ్వియ్యి," అన్నాడు సాము. అది నాటకంలోని మాటే. జవాను నవ్వి పక్కకు జరిగాడు.

రోజూ ఉరుక్కుంటూ వచ్చే దారి ఆ రోజు ఎంతకీ తెగలేదు. కూర్చుని, లేచి, మళ్లీ కూర్చుని, అతను ఇల్లు చేరేసరికి ఎండ చల్లబడింది. జీపు తన కంటే ముందే వచ్చి ఉన్నది.

సరోజమ్మ వాకిట్లో చేటలో జొన్నలు చెరుగుతున్నది. ఈస్టరుకు ముందు ఉపవాసాలుండే శ్రమకాలానికి మొదటి రోజు గనుక పొద్దుటినుంచి ఏమీ తినలేదు. కర్ర పట్టుకుని వస్తున్న ముసలమ్మను చూసింది. అచ్చం చనిపోయిన తన అత్త బీరమ్మే. కానీ ఆ ముసలమ్మ గడప దాటే ముందు రెండు కాళ్లూ టపటపా నేలకు కొట్టింది. అట్లా కొట్టేది ఆ ఇంట్లో ఒక్కడే.

"ఎవలీమె?" అని అడిగాడు జీపులో వచ్చిన పోలీసు జమేదారు.

సరోజమ్మ ఎన్నడూ అబద్ధమాడి ఎరగదు. "మా అత్త," అన్నది.

"నీ మనుమడు ఏడున్నడు ముసలమ్మా?"

"ఏ మనుమడు బిడ్డా? ఇంత నీళ్లియ్యమంటె ఒక్కడు రాడు."

జమేదారు మూతి బిగించాడు. "పొద్దు గూకినంక మల్లొస్తం. దొరికిండా, లారీల ఏసి తీస్కపోతం."

జీపు దుమ్ము అణిగాక సాము మంచం మీద కూలబడి తల్లిని పిలిచాడు. "అవ్వా, నూనియ్యి. కండ్లు మూతలు పడుతున్నయి."

బావి దగ్గర నుంచి వచ్చిన మోషే సంగతి విని, "తుడువ్ జల్ది," అన్నాడు. "శంకర్‌పల్లికి అడ్డదారి పట్టి రైలెక్కిస్త. వికారాబాద్ల మా అక్క ఇంట్ల ఉంటడు."

"తొవ్వంత జీపులే," అన్నది సరోజమ్మ. "పట్నంల పిల్లల మీద తుపాకులు పేల్చిన్రని విన్లేదా? ఈ మొఖం జూస్తె ఇడుస్తరా? ముసలిదాన్నైతె ఎవలు కొట్టరు. ఆళ్లొచ్చి పోయేదాక ఉండనియ్యి."

"నిద్రపోతడే!"

"నేను పోనియ్య."

కొడుకు చెయ్యి పట్టుకుని కూర్చుని నాటకంలో మాటలు చెప్పించింది. అతను కోడలిని తిట్టే మాటలు చెబితే నవ్వింది. మాటలు రానురాను నెమ్మదించాయి. కాళ్లు వత్తింది. మెలకువగా ఉంచుదామని పాటలు ఎత్తుకున్నది. ఆమెకు వచ్చినవన్నీ గుడిలో పాడే మెల్లటి పాటలే. పసివాడప్పుడు వాటితోనే ఊయల ఊపింది.

తల వాలిపోతుంటే కుదపడానికి భుజం మీద చెయ్యి వేసింది. సరిగ్గా అప్పుడే బాట మీద మోటారు చప్పుడు వినబడింది. చెయ్యి ఆగిపోయింది. అది కూరగాయల లారీ. ఊరి బయటి నుంచే పోయింది. అప్పటికి సాము గుర్రు పెడుతున్నాడు.

ఆ చెయ్యి ఎందుకు ఆపావని సరోజమ్మ బతికినన్నాళ్లూ దేవుణ్ణి అడిగింది.

దీపం పెట్టే వేళకు మోషే నూనె సీసా తెచ్చాడు. "లేపుదామె. ఇంక ఎక్కువ దిగకముందే."

"ఇంక రాలేదయ్యా ఆళ్లు. రానియ్యి, పోనియ్యి. నా కొడుకు బతికుంటె సాలు."

మోషే సీసా పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. జీపు రాలేదు.

తెల్లారి సాము తనంతట తనే లేచి ఆవలించాడు. సరోజమ్మ నూనె రాసి తుడిచింది. తెలుపు గుడ్డకు వచ్చింది. నడుం నిటారైంది, పండ్లు తిరిగొచ్చాయి. ఆ తర్వాత ఎంత రుద్దినా ఏమీ రాలేదు. చెంపల దగ్గర నెరిసిన వెంట్రుకలు, కండ్ల కింద సంచులు, మాసిన గడ్డం.

"ఇడువవ్వా, మండుతున్నది," అని సాము గోడకున్న అద్దంలో చూసుకున్నాడు. పక్కనే తండ్రి ముఖం. "బాపూ, నీ తమ్మున్ని లెక్క ఉన్న," అని నవ్వబోయి గడ్డం తడుముకున్నాడు.

ప్రార్థనకు మోకరించారు. రోజూ సరోజమ్మే మొదలుపెట్టేది. ఆ రోజు మోషే మొదలుపెట్టి రెండు మాటల్లో ముగించాడు.

అంతలో బయట హన్మంతు కేక. సాము గడపలోకి వచ్చాడు.

"కాకా, సాముకు జర చెప్పు. రాయేసినోడు నిన్న సందెకే దొరికిండంట. ఇగ ఫికర్ లేదు. మాపటీలికి నాటకానికి రమ్మన్నడు సారు."

సాము తలుపు చెక్క పట్టుకుని నిలబడ్డాడు.

"సాము లేడు బిడ్డా. ముసలమ్మ వేషం ఇంకెవలకన్న ఇయ్యమను సారును."

హన్మంతు అతని ముఖంలోకి చూశాడు. చూసి చూసి తల దించుకున్నాడు. "మంచిది కాకా," అని మెల్లగా వెళ్లిపోయాడు.

మోషే తన రెండో ధోవతి తీసి కొడుక్కి ఇచ్చాడు. గడ్డం గీసుకోవడం రాదంటే గడప మీద కూర్చోబెట్టి తనే గీశాడు. సరోజమ్మ రొట్టెలు కాల్చి మూట కట్టింది. బడి నిక్కర్లు తీగ మీదే ఉండిపోయాయి. వాటిని తీయడానికి ఆమెకు చేతులు రాలేదు.

ముగ్గురూ చేనుకు పోయారు. ఉల్లిమడికి నీళ్లు పెట్టేటప్పుడు మోషేకు ఎప్పుడూ ఒక మనిషి తక్కువయ్యేవాడు. ఆ పొద్దున తక్కువ కాలేదు.