అడుగు పలక మీద పేరు

రెండో దెబ్బకు చెంగయ్య కళ్లద్దాలు ఊడి రంపప్పొట్టులో పడ్డాయి. మూడోది చెవి మీద తగిలింది. వీధిలో కొండకు పోయే యాత్రికుల గోవిందలు ఆ చెవికి వినబడడం మానేశాయి. కొడుతున్నది డ్రైవరు జయరామ్. కొట్టిస్తున్నది భానుచందర్. దుకాణంలో ఉన్న ఒక్కగానొక్క కుర్చీలో కాలు మీద కాలేసుకొని కూర్చున్నాడు. మధ్యాహ్నం మూడున్నరయింది.

"పేరు గీకేయమంటే గీకేయాల పెద్దాయనా. దీనికింత రచ్చ ఎందుకు?" అన్నాడు భానుచందర్. గొంతు పెంచలేదు. డబ్బున్నవాళ్లకు గొంతు పెంచే పని డ్రైవర్లు చేసిపెడతారు.

ఇద్దరి మధ్యా బల్ల మీద వయొలిన్ ఉంది. తొమ్మిది నెలలు చేత్తో చెక్కింది. మద్రాసు నుంచి తెప్పించిన చెక్కకే నలభై ఐదు వేలయింది. మొత్తం ఖరీదు లక్షా ఎనభై వేలు.

విరిగిన వీణలూ ఫిడేళ్లూ అతికించి బతికే చెంగయ్య అరవై రెండేళ్ల జీవితంలో సొంతంగా చేసిన వయొలిన్లు పదకొండు. పని నేర్పిన శాంతయ్య అతనికి ఒక అలవాటు కూడా నేర్పి పోయాడు. పై పలక అంటించి మూసేముందు, అడుగు పలక లోపలి వైపు సిరాతో ఒక పేరు రాయాలి. డబ్బిచ్చినవాళ్ల పేరు కాదు, వాయించేవాళ్ల పేరు. పదకొండింటిలోనూ చెంగయ్య అలాగే రాశాడు. ఈ పదకొండో దాంట్లో 'రూతు' అని రాశాడు.

ఆ రాయడమే కొంప ముంచింది.

భానుచందర్ తండ్రి కుప్పుస్వామి బీద పిల్లలకు మంచి వయొలిన్లు ఇప్పిస్తామని ఒక ట్రస్టు నడుపుతున్నాడు. రూతు వాయిస్తుండగా వీడియో తీసి, దాన్ని ఊరూరా చూపించి చందాలు పోగేశారు. జనం ఆ పిల్లను చూసి ఇచ్చారు, ట్రస్టును చూసి కాదు. ఆ డబ్బుతోనే రూతు కోసం ఈ వయొలిన్ చేయమన్నారు. రూతు తల్లి స్టెల్లా చిత్తూరు దగ్గర గుజ్జు ఫ్యాక్టరీలో మామిడికాయలు కోస్తుంది. కూలి రోజుకు నాలుగు వందల యాభై, అదీ సీజను మూడు నెలలే. పిల్ల చర్చిలో మూలపడిన ఫిడేలు మీద నేర్చుకొని తిరుపతి సంగీత కళాశాలలో సీటు తెచ్చుకుంది. ఆ ఫిడేలు మెడ రెండుసార్లు విరిగింది. రెండుసార్లూ చెంగయ్యే అతికించాడు. పైసా తీసుకోలేదు, బదులుగా పిల్ల చేత అతుకును బిగించి ఉంచే క్లాంపులు పట్టించుకున్నాడు.

వచ్చేవారం మద్రాసులో వయొలిన్ పోటీ. గెలిచినవాళ్లకు మూడేళ్ల చదువు, తిండి, బస ఉచితం. ఓడితే రూతు కూడా తల్లి పక్కన నిలబడి కాయలు కోయాల్సిందే. చర్చి ఫిడేలు మూడో వరుస దాకా కూడా వినబడదు.

వయొలిన్ తయారయ్యాక దాని నాదం విన్న భానుచందర్ మనసు ఊరుకోలేదు. అతని కూతురు పవిత్ర కూడా అదే పోటీకి వెళ్తోంది. చూసిస్తానని మొన్న ఇంటికి పట్టుకుపోయాడు. పవిత్ర ఫోను లైటు వేసి, తీగల పక్కనున్న సన్నటి చీలికలోంచి లోపలికి చూసి, "రూతెవరు నాయనా?" అని అడిగింది.

"ఆ పిల్ల కోసరం చేసినాను సామీ. మీరే గదా పిలుచుకొచ్చి దాని వేళ్లు కొలిపిచ్చినారు," అన్నాడు చెంగయ్య. పెదవి చిట్లి మాట ముద్దగా వచ్చింది.

"ఆ పిల్లకీ ఇస్తామబ్బా. ఇదో." భానుచందర్ కాలితో ఒక కొత్త పెట్టెను ముందుకు తోశాడు. ఏడున్నర వేల ఫ్యాక్టరీ సరుకు. "ఫొటోకి నీది పట్టుకుంటాది. ఇంటికి దీన్ని పట్టుకుపోతాది. దూరం నించి సూస్తే రెండూ ఒకటే. పైగా మా పాప కచేరీ చేసేది గుళ్లలో అని నీకు తెలీదా? ఆ పేరు లోపల పెట్టుకొని యాడ కూచోమంటావు?"

చెంగయ్య వయొలిన్ ముట్టలేదు. జయరామ్ అతని చెయ్యి వెనక్కి విరిచి, తలను బల్ల అంచుకేసి కొట్టాడు.

నలభై ఏళ్లుగా తలవంచుకొని బతికిన మనిషి. ఇప్పుడూ వంచాడు. సన్నటి కత్తి తీసి, పై పలకకూ పక్క చెక్కకూ మధ్య అతుకులో మొన పెట్టాడు. తోలు ఉడికించి తీసిన వజ్రం అనే జిగురుతో అంటిస్తారు కాబట్టి, తెలిసినవాడు తెరిస్తే చెక్క చీలదు. టక్కుమని అంగుళం మేర ఊడింది. చెంగయ్యకు తన చేతుల మీద తనకే అసహ్యం వేసింది.

అప్పుడే రూతు లోపలికి వచ్చింది. చేతిలో గుడ్డ సంచి, అందులో స్టెల్లా పంపిన తోతాపురి కాయలు. ఫొటోకని నాలుగు గంటలకు రమ్మన్నారు, ఐదు నిమిషాలు ముందే వచ్చింది.

"తాతా, ఏమైంది? ఈ నెత్తురేంది?"

"ఏం లేదులేమ్మా, జారి పడినాడు," అన్నాడు భానుచందర్. వయొలిన్ తీసి ఆమె చేతిలో పెట్టాడు. "పట్టుకో. నగు. జయరామ్, ఫొటో తియ్యి."

రూతు నవ్వలేదు. వేలితో అతుకు తడిమింది. ఊడిన అంగుళం దగ్గర వేలు ఆగింది. కిందున్న కొత్త పెట్టెను చూసింది, చెంగయ్య ముఖం చూసింది.

"ఫొటో అయినాక ఇది ఎవరికి సార్?"

భానుచందర్ లాగి చెంప మీద కొట్టాడు. పిల్ల గోడకు కొట్టుకుంది. సంచి జారి కాయలు దొర్లాయి. మోచెయ్యి చర్మం లేచిపోయింది. వయొలిన్‌ను మాత్రం పొట్టకు హత్తుకొని వదల్లేదు.

"నీకు అడిగే కాడికి వచ్చిందా మే?" అని మళ్లీ చెయ్యెత్తాడు.

చెంగయ్య కత్తిని బల్లకున్న బిగింపు చెక్కల మధ్య ఇరికించి పక్కకు వంచాడు. శాంతయ్య సానబెట్టి ఇచ్చిన కత్తి. రెండు ముక్కలయింది.

"ఇంక తెరవను," అన్నాడు. "పేరు గీకను. సంపుకో సామీ."

భానుచందర్ ముఖంలో ఇందాకటి శాంతం పోయింది. "పట్టుకోరా వాణ్ణి," అన్నాడు. జయరామ్ ముసలాయన కుడిచెయ్యిని బల్ల మీద పరిచి మోకాలితో అదిమాడు. ఈసారి భానుచందరే లేచాడు. సుత్తి అందుకున్నాడు. ఒకటి. రెండు. ఎముకలు నలిగిన చప్పుడు మొదటి దెబ్బకే వినిపించింది. రెండోది ఉత్త కసి.

చెంగయ్య పెట్టిన కేకకు దుకాణం మెట్ల మీద పూలమ్మే నాగులమ్మ లోపలికి ఉరికింది. ఆమె వెనక గుండ్లు గీయించుకున్న యాత్రికులు, పక్క లాడ్జీ కుర్రాళ్లు గుమ్మంలో గుమిగూడారు. రెండు మూడు ఫోన్లు పైకి లేచాయి. జయరామ్ మోకాలు తీసి గోడకు జరిగాడు.

భానుచందర్ సుత్తిని వీపు వెనక దాచుకున్నాడు. వయొలిన్ అతుకు ఊడి ఉంది. దాన్ని మూయగల చెయ్యి ఈ ఊళ్లో ఒకటే ఉండేది.

"మద్రాసులో మూయిస్తాలే. ఇట్లియ్యి మే దాన్ని," అన్నాడు.

రూతు బల్ల దగ్గరికి నడిచి వయొలిన్‌ను దాని మీద పెట్టింది. ఇచ్చేస్తోందనుకున్నారు అందరూ. చెంగయ్యా అదే అనుకొని కళ్లు మూసుకున్నాడు. అగ్గిపుల్ల గీసిన చప్పుడయింది. తెరిచి చూస్తే పిల్ల స్టవ్వు వెలిగించి, నీళ్ల గిన్నెలో జిగురు డబ్బా పెడుతోంది.

"తాతా, వజ్రం ఎంత వేడి కావాల?"

చెంగయ్య చితికిన చేతిని ఒళ్లో పెట్టుకొని గోడకు జారగిలబడ్డాడు. నోట్లో నెత్తురు మింగి చెప్పాడు.

"వేలు పెడితే సురుక్కుమనాల. ఉడకనీయగూడదు."

"ఆరేదానికి?"

"రేపు పొద్దున దాకా. అందాక దాన్ని ఎవురూ కదిలిచ్చగూడదు."

రూతు గుమ్మం వైపు చూసింది. సాయంత్రపు ఎండ ఇంకా వీధిలోనే ఉంది. నాగులమ్మ పూలబుట్టను గడపకు అడ్డంగా పెట్టి, దాని వెనక బాసింపట్టు వేసుకొని కూర్చుంది. గుమ్మంలో ఫోన్లు ఇంకా ఎత్తే ఉన్నాయి.

"ఇస్తావా, ఇయ్యవా?" భానుచందర్ సుత్తి ముందుకొచ్చింది.

"ఇయ్యను," అంది రూతు, వెనక్కి తిరక్కుండానే.

కుంచెతో అతుకులోకి జిగురు పట్టించి మొదటి క్లాంపు బిగించింది. మర సాఫీగా తిరిగింది. రెండోదాని కోసం చెయ్యి చాపింది.